బొట్టు పెట్టిన దుర్భిణి

దసరా వెళ్లిన మర్నాడు తలుపులమ్మ, ఆయుధపూజలో పెట్టిన పనిముట్లన్నింటినీ తుడుచుకుంటూ వచ్చింది. కుట్టు మిషను, కత్తెరలు, కత్తిపీట, కొడుకు ఆటో. తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే పసుపూ కుంకుమా వదిలిపోయాయి. ఆఖరికి కోడలి దుర్భిణి చేతిలోకి తీసుకుంది. దాని బొట్టు మాత్రం వదల్లేదు.

బలిఘట్టంలో జాకెట్లు కుట్టే తలుపులమ్మంటే ముప్ఫై ఏళ్ల పేరు. టేపు పొరపాటున కాలికి తగిలినా కళ్లకద్దుకునే మనిషి. నవమి నాడు ఆ ఇంట్లో వంట ఆలస్యమైనా పరవాలేదు గానీ ఆయుధపూజ ఆలస్యం కాకూడదు. ఈసారి కూడా పొద్దున్నే నాగేంద్ర ఆటోకి హారతిచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, హెడ్‌లైట్లు రెండింటికీ నడిమధ్యన రూపాయి బిళ్లంత బొట్లు పెట్టింది. తర్వాత తన మిషను చక్రానికీ, పాదానికీ పెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది, ఇంట్లో సంపాదించేది ముగ్గురైతే పూజ ఇద్దరి పనిముట్లకే జరుగుతోందని.

కోడలు సత్యశ్రీ ఫారెస్ట్ బీట్ ఆఫీసరు. చింతపల్లి అవతల డ్యూటీ. పండక్కి సెలవు దొరకలేదు. యూనిఫాం, లాఠీ, టార్చిలైటు అన్నీ ఆమెతోనే ఉన్నాయి. ఇంట్లో ఉన్నదల్లా ఆమె దుర్భిణి. పిల్ల రాకపోతే పిల్ల పనిముట్టయినా పూజలో ఉండాలనుకుంది తలుపులమ్మ. పీట మీద కొత్త జాకెట్టు గుడ్డ పరిచి దాన్ని నిలబెట్టింది. ముందువైపు రెండు పెద్ద అద్దాలు గుండ్రంగా, అచ్చం ఆటో హెడ్‌లైట్లలాగే కనిపించాయి. పసుపు తడిపి రెండు అద్దాలకీ మధ్యలో అద్ది, దాని మీద కుంకుమ పెట్టింది. చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉంది. పూజకు పెట్టినదాన్ని దశమి వెళ్లేదాకా కదపకూడదు కాబట్టి అలాగే ఉంచేసింది.

రెండు రోజులకి ఆ బొట్టు అద్దానికి అతుక్కుని ఎండిపోయింది. పొడిగా ఉన్నదాన్ని కొంగుతో గట్టిగా రుద్దింది. ఎక్కడో సన్నగా కీచుమంది. కుంకుమ రాలింది గానీ పసుపు మరక ఉంగరంలా నిలిచింది. కొంగు తడిపి మళ్లీ రుద్దింది. ఆ తడి అద్దం అంచు వెంబడి లోపలికి దిగినట్టు అనిపించి చెయ్యి తీసేసింది. నిరుడు వానలో నాగేంద్ర ఫోను తడిస్తే బియ్యంలో పెడితే బాగైంది కదా అని, దుర్భిణిని తీసుకెళ్లి బియ్యం డ్రమ్ములో పాతిపెట్టింది. మర్నాడు తీస్తే సందుసందుకీ తవుడు పట్టేసి ఉంది. కళ్లకు పెట్టుకుని చూస్తే ఎదురింటి డాబా, దాని మీద ఆరేసిన బట్టలు అన్నీ గంజిలో ముంచి తీసినట్టున్నాయి.

సత్యశ్రీ గురువారం సాయంత్రం వస్తుంది. శనివారం నుంచి వాళ్ల డిపార్టుమెంటులో పక్షుల సర్వే. ఆ దుర్భిణి పట్టుకెళ్లడానికే వస్తోంది.

నాగేంద్ర పెళ్లి మొన్న మాఘమాసంలో జరిగింది. ఎనిమిది నెలల్లో కోడలి మీద చెప్పుకోవడానికి ఒక్క వంక లేదు తలుపులమ్మకి. ఉన్న బాధల్లా అదే. ఆ పిల్ల దేనికీ ఎవరి మీదా ఆధారపడదు. వచ్చిన రెండు రోజులూ తన యూనిఫాం తనే ఉతుక్కుంటుంది, ఇస్త్రీ చేసుకుంటుంది, బూట్లు తనే తుడుచుకుంటుంది, అన్నం తిన్న కంచం తనే కడుక్కుంటుంది. ఇంటికొచ్చిన చుట్టమైనా అంతకంటే చనువుగా ఉంటుంది. అలాంటిది వినాయకచవితికి వచ్చినప్పుడు నల్లటి తోలుపెట్టె ఒకటి తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది. పైన కొండ మీద క్వార్టర్సులో గోడలు చెమ్మ కారుతున్నాయనీ, ఇక్కడైతే పొడిగా ఉంటుందనీ చెప్పింది. తన తండ్రి సోములు అడవిలో వాచరుగా పనిచేసిన రోజుల్లో ఒక ఆఫీసరు బదిలీ అయి వెళ్తూ ఆయనకిచ్చిన దుర్భిణి అట. తండ్రివి ఇంకేమీ తన దగ్గర లేవని కూడా చెప్పింది.

"నీ దగ్గరుంచత్తా. ఎవరికీ ఇవ్వకు" అంది.

ఆ మాటకి తలుపులమ్మ వారం రోజులు మురిసిపోయింది. ఇప్పుడదే మాట గుర్తొచ్చి అన్నం సహించడం లేదు.

నాగేంద్ర దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పాతదే కదా, ఆన్‌లైన్లో కొత్తది తెప్పించేద్దామన్నాడు.

"మీ నాన్న వాచీ పారేసి కొత్తది తెచ్చి ఇస్తే ఊరుకుంటావేట్రా నువ్వు" అంది తల్లి.

అతను దుర్భిణిని తిరిగి తల్లి చేతిలో పెట్టాడు. అబీద్ సెంటర్ వెనక సందులో స్టీవెన్ గారని పాత ఫోటో స్టూడియో ఆయన ఉన్నాడనీ, రీలు కెమెరాల కాలంలో కటకాలన్నీ ఆయనే విప్పి తుడిచేవాడనీ చెప్పాడు. అప్పటికప్పుడే తల్లిని ఆటో ఎక్కించి నర్సీపట్నం తీసుకెళ్లి, స్టూడియో ముందు దించి, స్కూలు పిల్లల ట్రిప్పుందని వెళ్లిపోయాడు.

స్టూడియో పేరుకే స్టూడియో. ఇప్పుడక్కడ జిరాక్సు, లామినేషను, పాస్‌పోర్టు ఫోటోలు. స్టీవెన్ గారి కూతురు ఎస్తర్ రాణి కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. ఆయన డెబ్బై దాటిన మనిషి. లోపల కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. దుర్భిణిని రెండు చేతులతో అందుకుని, కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, అద్దాన్ని వెలుగుకి ఏటవాలుగా పట్టి చూశాడు. కుడిచెయ్యి సన్నగా వణుకుతోంది.

ఎవరు తుడిచారని అడిగాడు. తనేనంది. దేంతో అన్నాడు. కొంగుతో అంది. తర్వాత ఎలాగూ దాచి లాభం లేదని మొదటినుంచీ చెప్పేసింది. బియ్యం డ్రమ్ము దగ్గరికి వచ్చేసరికి ఎస్తర్ రాణి నవ్వాపుకోలేక జిరాక్సు మిషను వెనక్కి వంగింది. స్టీవెన్ గారు మాత్రం నవ్వలేదు.

"బొట్టూ పెట్టారు, బియ్యమూ పోశారు. ఇంక తాళి కట్టడం ఒక్కటే మిగిలిందమ్మా" అన్నాడు.

తలుపులమ్మ తలొంచుకుంది. ఆమె ముఖం చూసి ఆయన గొంతు తగ్గించాడు. తన చేతులు రెండేళ్లుగా మాట వినడం లేదనీ, విశాఖపట్నం పంపితే బాగుచేస్తారు గానీ పదిహేను రోజులు పడుతుందనీ అన్నాడు. గురువారం అనే మాట ఆమె నోట్లోంచి వచ్చేలోపు ఆయన చూపు ఆమె వేళ్ల మీద పడింది. చూపుడువేలి చివర సూది పోట్లతో గట్టిపడిన చర్మం.

"ఏం పని చేస్తారు?"

"జాకెట్లు కుడతాను బాబూ."

"కాజాలు మిషను మీదా, చేత్తోనా?"

"చేత్తోనే."

"అయితే కూర్చోండి. నేను చెప్తాను, మీరు చెయ్యండి."

ముందు చేతులు సబ్బుతో కడుక్కుని రమ్మన్నాడు. వచ్చాక బల్ల మీద తెల్ల కాగితం పరిపించాడు. సొరుగులోంచి రెండు కుంచెలు, ఒక రబ్బరు బుడ్డి, ఒక చిన్న సీసా తీయించాడు. పెద్ద కుంచె ఒంటికి, చిన్నది అద్దానికి. దీన్ని దానికి వాడకూడదు, దాన్ని దీనికి వాడకూడదు.

తలుపులమ్మ నేరుగా అద్దం మీదకి వెళ్లబోతే ఆపాడు. ముందు ఒళ్లు శుభ్రం చెయ్యాలట. మడత దగ్గరా, తిప్పే చక్రం దగ్గరా ఉన్న తవుడంతా దులిపాక గానీ అద్దం జోలికి పోకూడదు. లేకపోతే తుడిచిన అద్దం మీదకే మళ్లీ రాలుతుంది. అది ఆమెకి వెంటనే అర్థమైంది. మిషనుకి నూనె వేసేముందు కూడా అంతే. బాబిను కింద నూలుపీచు తియ్యకుండా నూనె పోస్తే అదంతా ముద్ద కడుతుంది. ఆమె కుంచెతో సందులు దులిపింది. కాగితం మీద తవుడు, రెండు నూకలు పడ్డాయి.

తర్వాత అద్దం నేల చూసేలా తిప్పి పట్టుకుని, కిందనుంచి బుడ్డి నొక్కి గాలి కొట్టమన్నాడు. పైకి చూసేలా పెట్టి ఊదితే లేచిన దుమ్ము లేచిన చోటే కూర్చుంటుందన్నాడు. నోటితో ఊదకూడదు, తుంపర పడుతుంది. గాలికి పోనిది చిన్న కుంచెతో, ఒకే వైపుకి. అదీ అయ్యాకే గుడ్డ. పొడి గుడ్డ అద్దానికి ఎప్పుడూ తగలకూడదు.

"మీరు చేసిందల్లా ఒక్కటే. ఆఖరి పని మొదట చేశారు" అన్నాడు.

మెత్తటి గుడ్డ ఏదని చూస్తే ఆయన దగ్గరున్నది ఎప్పటిదో బిరుసెక్కి ఉంది. తలుపులమ్మ తన సంచీలోంచి ఒక తెల్ల ముక్క తీసింది. పాత వాయిల్ చీరది, లెక్కలేనన్ని ఉతుకులు చూసిన బట్ట. పసిపిల్లల జుబ్బాలకి లోపలి అంచు వెయ్యడానికి ఎప్పుడూ దగ్గర ఉంచుకుంటుంది. స్టీవెన్ గారు దాన్ని చెంపకి రాసుకుని చూసి, గంజి పెట్టారా అన్నాడు. దీనికి ఏనాడూ పెట్టలేదంది. కత్తిరించి నాలుగు ముక్కలు చేయించాడు.

సీసాలో ఉన్నది స్పిరిట్. అద్దం మీద పోయకూడదు. గుడ్డ మీద రెండే చుక్కలు. నడిమధ్యన మొదలుపెట్టి చుట్లు చుట్టుకుంటూ అంచుకి రావాలి. నొక్కకూడదు. ఒక చుట్టుకి వాడిన చోటు మళ్లీ వాడకూడదు, గుడ్డ మడత మార్చాలి. తలుపులమ్మ ఊపిరి బిగపట్టి తిప్పింది. పట్టుగుడ్డ మీద సుద్దతో గీత గీసేటప్పుడు ఎంత తేలికగా చెయ్యి ఆడుతుందో అంత తేలికగా ఆడింది. గుడ్డ మీదకి పచ్చటి మచ్చ దిగింది. మడత మార్చింది. ఇంకాస్త లేతగా దిగింది. మూడో మడతకి అద్దం మీద ఉంగరం లేదు.

ఆమె ముఖం విప్పారింది. స్టీవెన్ గారు అద్దాన్ని మళ్లీ ఏటవాలుగా పట్టి, ఎడమదాని మీద ఒకచోట గోటితో చూపించాడు. వెంట్రుకలంత సన్నటి గీతలు రెండు, ఒకదాని పక్కనొకటి.

"ఇవి పోవమ్మా. కొంగుతో రుద్దినప్పుడు కుంకుమ పలుకు గీసినవి."

"సూత్తే కనబడతాయా?"

కళ్లకు పెట్టుకుని దూరం చూస్తే కనబడవన్నాడు. అద్దాన్నే పనిగట్టుకుని వెతికితే కనబడతాయి. అంచేత కోడలికి చెప్పక్కర్లేదని కూడా అన్నాడు. తలుపులమ్మ ఆ గీతలెక్కడున్నాయో గుర్తుపెట్టుకుంది.

అయినా చూపు ఇంకా మసకగానే ఉంది. బయట అంతా శుభ్రం చేశాక లోపలిదేదో మిగిలిపోయింది. స్టీవెన్ గారు కళ్లు పెట్టుకునే వైపునుంచి టార్చి వేయించి ముందువైపునుంచి చూశాడు. ఆమెని కూడా చూడమన్నాడు. అద్దానికి లోపలి ముఖం మీద సాలెగూడు అల్లినట్టు తెల్లటి పోగులు, అంచునుంచి మధ్యకి పాకి ఉన్నాయి. రెండో దాంట్లోనూ అంతే.

"బూజు. ఇది మీ పసుపు వల్ల వచ్చింది కాదు, నీళ్ల వల్లా కాదు. ఇంత అల్లుకోవాలంటే ఎనిమిదేళ్లు, పదేళ్లు పడుతుంది. అన్నాళ్లూ దీన్ని ఎవరు వాడారు?"

తలుపులమ్మ తనకి తెలిసింది చెప్పింది. మా కోడలి తండ్రి, అడవిలో వాచరు. ఆఖరి మూడేళ్లూ చూపు ఆనక పని మానేసి ఇంట్లో కూర్చుండిపోయాడు. వియ్యపురాలు పెళ్లి మాటల్లో ఒకసారి చెప్పుకుంది. దగ్గరవన్నీ బాగానే కనబడుతున్నాయి, దుర్భిణి పెట్టినా దూరం మసకే, దూరపు చూపే పోయిందనేవాడట. వాళ్ల ఊరు నక్కపల్లిలో కళ్ల క్యాంపు పెడితే తీసుకెళ్లింది. ఆ డాక్టరు చూసి, వయసుకి తగ్గట్టు బాగానే ఉన్నాయి పొమ్మన్నాడట. అంతమంది లైనులో ఉంటే ఏం చూసుంటాడులే అనుకుని ఇద్దరూ నమ్మలేదు. ఆ తర్వాత ఈ దుర్భిణి కూతురి చేతికిచ్చేసి, కొండెక్కడం మానేశాడు. నిరుడు కాదు అంతకు ముందేడు గుండెపోటుతో పోయాడు.

చెప్తూ చెప్తూ ఆమె ఆగిపోయింది. చేతిలో టార్చి ఇంకా వెలుగుతూనే ఉంది. ఎస్తర్ రాణి టైపు చెయ్యడం ఆపి ఇటు తిరిగింది.

"దీన్ని ఎక్కడుంచేవాడు?" అని అడిగాడు స్టీవెన్ గారు.

తలుపులమ్మ సంచీలో ఉన్న తోలుపెట్టె తీసి చూపించింది. దిగిరాగానే దీంట్లో పెట్టి, బకిలు బిగించి, మేకుకి తగిలించేవాడట. ఇంట్లో ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదట. స్టీవెన్ గారు ఆ పెట్టెని వాసన చూసి పక్కన పెట్టాడు. మంచులో తిరిగివచ్చిన దాన్ని తడి ఆరకుండా తోలులో పెట్టి మూస్తే, ఆ చెమ్మంతా తోలు తాగి అద్దానికి పెడుతుందన్నాడు. గాలికి వదిలేసి ఉంటే బాగానే ఉండేది. అంత జాగ్రత్త పడబట్టే ఇలా అయింది.

తలుపులమ్మ టార్చి ఆర్పి బల్ల మీద పెట్టింది.

తర్వాత ఆయనే, విప్పుదామా అన్నాడు. తలుపులమ్మకి భయమేసింది. ముందుభాగం గొట్టం వరకే విప్పాలనీ, సీసా మూతలాగే మరతో వస్తుందనీ, లోపల కనబడే లావుపాటి గాజుదిమ్మలని మాత్రం కదపకూడదనీ చెప్పాడు. అవి వెంట్రుకంత జరిగినా రెండు కళ్లకీ రెండు బొమ్మలు కనబడతాయట. ఎస్తర్ రాణి గిన్నెలు తోమే రబ్బరు గ్లవ్సు తెచ్చి ఇచ్చింది. వేసుకుని తిప్పితే గొట్టం మొదట కదల్లేదు. నాగేంద్ర ఉంటే స్టవ్ దగ్గర పెట్టి వేడి చేద్దామనేవాడేమో గానీ, ఆమె తొందరపడలేదు. పాత మిషను మర పట్టేసినప్పుడు చేసినట్టు కాస్త బిగించి, కాస్త వదిలి, మళ్లీ బిగించి వదిలింది. నాలుగోసారి కదిలింది.

రెండో గొట్టం కూడా అలాగే విప్పి, రెండింటి లోపలి ముఖాలూ తుడవడానికి గంటన్నర పట్టింది. గుడ్డ సరిపోక సంచీలోని రెండో ముక్క కూడా కత్తిరించింది. మధ్యలో ఎవరో ఆధార్ కార్డు జిరాక్సుకొచ్చి, ఈవిడ ఇక్కడేం చేస్తోందా అని చూస్తూ నిలబడ్డారు. స్టీవెన్ గారు ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. ఆమె చెయ్యి అలిసినప్పుడల్లా, ఆపండి, నీళ్లు తాగండి అనేవాడు. బిగించాక తలుపు దగ్గరికి వెళ్లి చూడమన్నాడు.

సందు చివర కరెంటు తీగ మీద పావురం ఉంది. తలుపులమ్మకి దాని ఎర్రటి కాళ్లు కనబడ్డాయి. కాలి వేళ్లు తీగని ఎలా పట్టుకున్నాయో కనబడింది. మెడ కదిపినప్పుడు ఆకుపచ్చ, ఊదా రంగులు మారడం కనబడింది. ఈ సోములు అనే మనిషిని ఆమె ఎప్పుడూ చూడలేదు. అయినా ఇది ఆయనకొకసారి చూపించాలనిపించింది.

ఆయన డబ్బులేమీ తీసుకోనంటే, బదులుగా జాకెట్టు కుట్టి ఇస్తానని తలుపులమ్మ ఎస్తర్ రాణి కొలతలు రాసుకుని వచ్చింది. ఇకమీదట ఆ తోలుపెట్టెలో పెట్టొద్దనీ, గాలి తగిలేచోట ఉంచి పక్కన బూట్ల డబ్బాల్లో వచ్చే, చెమ్మ పీల్చే తెల్ల పొట్లాలు రెండు పెట్టమనీ స్టీవెన్ గారు చెప్పాడు.

దారిలో సంగతంతా విని నాగేంద్ర ఆటో నెమ్మది చేశాడు. గీతల సంగతి చెప్పొద్దన్నాడు. బూజు సంగతైతే అసలే ఎత్తొద్దన్నాడు.

"పోయినోడి కళ్లు బాగుంటే ఏటి, లేపోతే ఏటమ్మా. అది ఏడవడం తప్ప ఏటొస్తాది?"

మాట సబబుగానే ఉంది. రెండు రోజులు తలుపులమ్మ ఆ మాటని మనసులో తిప్పుతూనే ఉంది. బుధవారం ఒక జాకెట్టుకి ఎడమ చెయ్యి కుడివైపు వేసి కుట్టేసి, మొత్తం విప్పాల్సి వచ్చింది. విప్పుతూ ఒకటి మాత్రం తేల్చుకుంది. గీతల సంగతి చెప్పెయ్యాలి. అది తను చేసింది. బూజు సంగతి మాత్రం తను చేసింది కాదు. అది కడుపులో పెట్టుకుంటే పిల్లకే మంచిది. బయట తుడిపించానని చెప్తే సరిపోతుంది.

గురువారం నాలుగింటికి సత్యశ్రీ బస్సు దిగి వచ్చింది. స్నానం చేసి, టీ తాగి, సర్వేకి ఎవరెవరు వస్తున్నారో, ఎన్ని బృందాలో మొగుడికి చెప్పి, దుర్భిణి ఏదత్తా అంది. తలుపులమ్మ దాన్ని గుడ్డలో పెట్టుకుని, డాబా మీదకి రమ్మంది. నాగేంద్ర తల్లివైపు ఒక చూపు చూసి, ఆటో కడిగే పనుందని బయటికి పోయాడు.

పైన ఎండ తగ్గింది. పడమటివైపు కొండల వరస నీలంగా ఉంది. కోడలు చెయ్యి చాపితే తలుపులమ్మ ఇవ్వలేదు.

"ముందు ఇనుకో తల్లీ. నాను దీన్ని పాడు సేసినాను."

ఆయుధపూజ, బొట్టు, కొంగు, బియ్యం అన్నీ చెప్పింది. స్టీవెన్ గారి దగ్గరికి వెళ్లిందీ, తనే తుడిచిందీ చెప్పింది. ఎడమ అద్దం మీద గీతలు ఎక్కడున్నాయో వేలితో చూపించింది. సత్యశ్రీ ముఖం బిగుసుకుపోయింది. దుర్భిణిని తీసుకుని అద్దాన్ని వెలుగుకి తిప్పి చూసింది. చాలాసేపు చూసింది. తలుపులమ్మ చేతులు ఏం చెయ్యాలో తెలియక కొంగు చివర మడతలు పెట్టుకుంటూ నిలబడింది.

"దీనికి బొట్టెందుకత్తా?" అంది చివరికి. కోపం ఉంది ఆ గొంతులో, దాచుకోలేదు. ఈ ఎనిమిది నెలల్లో అత్తగారి మీద ఆ పిల్ల గొంతు అలా రావడం అదే మొదలు.

"నువ్వు రాలేదు కదా. మీ ఆయన బండికి పెట్టినాను, నా మిషనుకి పెట్టినాను. నీది ఒక్కటీ లేకండా ఎలగ సెయ్యమంతావు?"

 సత్యశ్రీ పిట్టగోడ దగ్గరికి వెళ్లి దుర్భిణిని కళ్లకు పెట్టుకుంది. చక్రం కొంచెం తిప్పింది. అలాగే నిలబడిపోయింది. తర్వాత దించి వట్టి కళ్లతో కొండవైపు చూసింది. మళ్లీ పెట్టుకుంది. ఎడమకన్ను మూసి చూసింది, కుడికన్ను మూసి చూసింది.

"లోపలేం చేశారు దీన్ని?"

"బూజుంతే తుడిసినాను. ఆయన ఇప్పమన్నాడు, ఇప్పినాను."

"నేను పైన కొండ మీద మంచు అనుకునేదాన్ని" అంది సత్యశ్రీ, తనలో తను అనుకుంటున్నట్టు. "కింద కూడా మసగ్గా ఉంటే, పాతది కదా అనుకున్నాను." మళ్లీ కొండని చూసి, చూస్తూనే అడిగింది. "ఎన్నాళ్ల బూజట అత్తా?"

ఈ వానలకే పట్టిందనే మాట తలుపులమ్మ నాలుక చివరదాకా వచ్చింది. అనేస్తే అయిపోతుంది. కానీ ఆ పిల్ల ఇప్పుడే, మొదటిసారి, తనని దులిపేసింది. పరాయిదాన్ని ఎవరూ అలా దులపరు. ఆ గొంతుకి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"ఎనిమిదేళ్లో పదేళ్లో అన్నాడు."

సత్యశ్రీ దుర్భిణి దించింది. వేళ్ల మీద ఏవో లెక్క పెట్టుకుంది. లెక్క పూర్తి కాకుండానే గోడకి ఆనుకుని కింద కూర్చుంది.

"అయితే మా నాన్న కళ్లు బాగానే ఉన్నాయి" అంది.

తలుపులమ్మ పక్కనే కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వేసింది. పిల్ల ఏడుపు శబ్దం లేకుండా వచ్చింది, భుజాలు మాత్రం కదిలాయి. దుర్భిణిని ఒళ్లో రెండు చేతులతో పట్టుకునే ఉంది. తలుపులమ్మ ఊరుకోమనలేదు. కింద నాగేంద్ర ఆటో మీద నీళ్లు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

కాస్త తేరుకున్నాక సత్యశ్రీ మాట్లాడింది. ఈ ఎనిమిది నెలల్లో తండ్రి గురించి ఆమె చెప్పింది మొత్తం కలిపితే నాలుగు మాటలుండవు. ఇప్పుడు ఆగకుండా చెప్పుకుపోయింది. పిట్ట కూయనక్కర్లేదట ఆయనకి, రెక్క చప్పుడుని బట్టే అది ఏ పిట్టో చెప్పేవాడట. పని మానేశాక ఇంటి వెనక జీడితోట గట్టు మీద కూర్చునేవాడు. ఆదివారాలు కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, నా కళ్లు పోయాయి, నువ్వు చూసి చెప్పు అనేవాడు. ముక్కు ఎలా ఉంది, తోక ఎంత పొడుగు, పొట్ట ఏం రంగు అని ఆమె చెప్తే, ఆయన పేరు చెప్పేవాడు. ఆమె తప్పు చూస్తే, అది కాదే, సరిగ్గా చూడు అనేవాడు. ఆ మసకలోనే ఆమె అన్నీ నేర్చుకుంది. బీట్ ఆఫీసరు పరీక్ష రాయమని ఫారం తెచ్చిందీ ఆయనే. రిజల్టు రాకముందే పోయాడు.

"కొండ నన్నొద్దంతంది అనేవాడత్తా. ఒకసారైనా నేను ఈ అద్దం ఎవరికైనా చూపించి ఉంటే..." అని ఆగిపోయింది.

"నీకేటి తెలుసు. ఆయనకే తెలీలేదు. నాకూ తెలీదు, అందికే బియ్యంలో పెట్టినాను" అంది తలుపులమ్మ.

ఏడుస్తూనే సత్యశ్రీకి నవ్వొచ్చింది. చేతి వెనకవైపుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత మళ్లీ ముఖం ముడుచుకుపోయింది. అమ్మ సంగతి గుర్తొచ్చిందని చెప్పింది. ఆ మూడేళ్లూ అమ్మ ఆయన్ని రోజూ సాధించేదట. ముసలాడివైపోయావు, ఇంట్లో పడుండు, ఎక్కడో లోయలో పడతావు అని కొండకి వెళ్లబోతే చెప్పులు దాచేసేది.

"అమ్మకి చెప్పాలా, వద్దా?"

 తలుపులమ్మ వియ్యపురాల్ని తలుచుకుంది. ఆమె కూడా తనలాగే మొగుడు పోయిన మనిషి. తెలిస్తే ముందు గుండె బద్దలు చేసుకుంటుంది. కానీ మొగుడు గుడ్డివాడై, చేతకానివాడై పోయాడన్న మాటతోనే మిగతా బతుకంతా బతకడం కూడా ఏం బాగుంటుంది.

"సెప్పాల. ఫోన్లో సెప్పే మాట కాదు. నీ సర్వే అయిపోనీ, పై ఆదివారం ఎల్దాం. నాను కూడా వస్తాను. అద్దం ఇప్పింది నాను కదా, లోపల ఎలగుందో నానే సెప్తాను. నీకు నోరు రాదు."

సత్యశ్రీ తల అత్తగారి భుజానికి ఆనింది. స్నానం చేసిన జుట్టు ఇంకా తడిగానే ఉంది, ఆ తడి తలుపులమ్మ జాకెట్టుకి అంటింది.

"ఆదివారం నక్కపల్లి బస్సు రష్‌గా ఉంటాదత్తా. సీటు దొరకదు."

"నిలబడే ఎల్దాం" అంది తలుపులమ్మ.